కన్‌స్ట్రక్టర్ : పేరొకటి, పని యొకటి

పేరును బట్టి పనిని ఊహించుట మానవ స్వభావము. ఆ ఊహ నిజమైనపుడు చదువు సులభమగును. తప్పినపుడు చదివినదంతయు కంఠస్థమై మిగులునే గాని బుద్ధికెక్కదు. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ అను పాఠ్యాంశములో ‘కన్‌స్ట్రక్టర్’ అను పేరు మన విద్యార్థులకు అట్టి చిక్కునే తెచ్చిపెట్టుచున్నదని నా అభిప్రాయము. తెలుగు చెప్పుకొను అధ్యాపకునకు ఈ విషయముతో ఏమి పని యని మిత్రులు కొందరు అనవచ్చును. మాటకును అర్థమునకును నడుమ దూరము పెరిగిన ప్రతిచోటను భాషాధ్యాపకునకు పని యుండును. అదియును గాక, మన కళాశాలలో కంప్యూటరు శాస్త్రము చదువు పిల్లలలో పలువురు ఇంటర్మీడియట్ వరకు తెలుగులోనో ఉర్దూలోనో చదివి, డిగ్రీలో ఒక్కసారిగా ఆంగ్ల నిర్వచనములను ఎదుర్కొనుచున్నవారు. వారిని ఉద్దేశించియు, వారి చదువు బాగోగులు చూచు పెద్దలను ఉద్దేశించియు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కన్‌స్ట్రక్టర్ అను మాటను తెలుగు చేసినచో ‘నిర్మాత’ యగును. నిర్మాత యనగానే మన విద్యార్థికి స్ఫురించునది చలనచిత్రమునకు డబ్బు పెట్టు పెద్దమనిషి. ఉర్దూలో ‘మేమార్’ అనినచో గోడ కట్టు మేస్త్రి కన్నులకు కట్టును. ఈ రెండును ఇచట పొసగవు. ఏలయన, కన్‌స్ట్రక్టర్ నిజమునకు దేనిని కట్టదు. అది పని మొదలుపెట్టు సమయమునకే ఆబ్జెక్టునకు కావలసిన చోటు కంప్యూటరు మెమరీలో కేటాయింపబడి యుండును. ఇల్లు ముందే యున్నది. ఆ ఇంటిని కాపురమునకు యోగ్యముగా చేయుట కన్‌స్ట్రక్టర్ పని. పాత కాపురస్థులు వదలిన చెత్త ఊడ్చి, కుండలో నీరు నింపి, దీపము పెట్టి, అప్పుడు తాళపుచెవిని క్రొత్తవారి చేతికిచ్చుట వంటిది. పైథాన్ భాషలో ఈ భేదము మరింత స్పష్టముగా కనిపించును. అందు ‘న్యూ’ అను పద్ధతి ఆబ్జెక్టును పుట్టించును. ‘ఇనిట్’ అను పద్ధతి పుట్టిన దానిని సిద్ధపరచును. మనము సాధారణముగా వ్రాయునది రెండవదానిని మాత్రమే.

అయినను మన విద్యార్థుల జవాబు పత్రములలో కన్‌స్ట్రక్టర్ పరిచయము ఎట్లుండును? క్లాసు పేరే తన పేరుగా గల ఫంక్షను, ఏ విలువను తిరిగి ఇయ్యనిది, ఆబ్జెక్టు ఏర్పడునపుడు తనంతట తానే పిలువబడునది అని మూడు లక్షణములు; పిదప డిఫాల్ట్, పారామీటరైజ్డ్, కాపీ అని మూడు భేదములు; చివర పది పంక్తుల ఉదాహరణము. ఇందులో తప్పు లేదు. కాని ఇది యొక మనిషిని అతని తలపాగా రంగు చెప్పి పరిచయము చేసినట్లున్నది. అతడు ఊరిలో చేయు పని యేమి, అతడు లేనిచో ఎవరికి నష్టము అన్న సంగతి మాత్రము లేదు.

చరిత్రను కొంచెము తిరగవేసినచో ఈ లోపము ఇంకను స్పష్టమగును. క్లాసు, ఆబ్జెక్టు అను భావములకు పుట్టినిల్లు సిమ్యులా భాష. నార్వే దేశములోని ఓస్లో నగరమున, నార్వే కంప్యూటింగ్ కేంద్రములో, ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అను ఇద్దరు శాస్త్రవేత్తలు 1967లో దానిని ఆ రూపమునకు తెచ్చిరి. ఆ కృషికే వారికి 2001వ సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారము లభించినది. వారి భాషలో కన్‌స్ట్రక్టర్ అను ప్రత్యేకమైన ఫంక్షనే లేదు. క్లాసు యొక్క దేహములో వ్రాసిన ఆదేశములే, ఆబ్జెక్టు పుట్టినంతనే, వరుసగా నడచి దానిని సిద్ధపరచెడివి. సిమ్యులాను ఎరిగిన బ్యార్నె స్ట్రౌస్ట్రప్ 1979లో అమెరికాలోని బెల్ లేబొరేటరీసులో సి భాషకు క్లాసులను చేర్చు పని ప్రారంభించెను. ఆ తొలి రూపములో ఈ ఫంక్షనునకు ‘న్యూ’ అని పేరు. క్లాసు పేరునే దీనికి పెట్టుట తరువాతి ఏర్పాటు. ఆ భాషయే సి ప్లస్ ప్లస్ అను పేరుతో 1985లో విపణికి వచ్చినది. కనుక మనము మొదటి లక్షణముగా వల్లె వేయించు ‘క్లాసు పేరే తన పేరు’ అనునది మధ్యలో వచ్చి చేరినది. మొదటినుండియు ఉన్నది ప్రయోజనము. క్లాసులోని ఇతర ఫంక్షనులు నమ్మకముగా పని చేయుటకు తగిన పరిస్థితిని ముందే ఏర్పరచుట ఆ ప్రయోజనము.

‘నమ్మకము’ అను మాటను ఇచట ఊరక వాడలేదు. ఒక ఆబ్జెక్టు విషయమున ఎల్లప్పుడును నిజమై యుండవలసిన నియమమును ‘ఇన్వేరియంట్’ అందురు. 1972లో టోనీ హోర్ అను ఆంగ్ల శాస్త్రవేత్త ఈ భావమునకు గట్టి పునాది వేసెను. తరువాత బెర్ట్రాండ్ మేయర్ రూపొందించిన ఐఫెల్ భాషలో క్లాసు యొక్క నియమమును క్లాసులోనే వ్రాయవచ్చును. ఆబ్జెక్టును సిద్ధపరచు విభాగము ముగియునప్పటికి ఆ నియమము నెరవేరి యుండవలెను. తరువాత వచ్చు ప్రతి ఫంక్షను దానిని చెడకుండ కాపాడవలెను. ఈ ఒక్క సూత్రము తెలిసిన విద్యార్థికి కన్‌స్ట్రక్టర్ గురించిన తక్కిన నియమములన్నియు తమంతట తామే అర్థమగునని నా నమ్మకము.

ఒక ఉదాహరణము తీసికొందము. కళాశాల గ్రంథాలయమునకు సభ్యత్వపు కార్డు అను క్లాసు వ్రాయవలసి వచ్చినదనుకొనుడు. అందు నాలుగు అంశములు: విద్యార్థి పేరు, రోల్ నంబరు, ఇప్పటికి తీసికొన్న పుస్తకముల సంఖ్య, తీసికొనదగిన గరిష్ఠ పరిమితి. దీని నియమము లైబ్రేరియను నోటిమీద ఎప్పుడును ఉండునదే. పేరును రోల్ నంబరును లేని కార్డు ఉండరాదు. తీసికొన్న పుస్తకముల సంఖ్య సున్నకు తగ్గరాదు, పరిమితిని మించరాదు.

ఈ కార్డును సి ప్లస్ ప్లస్ భాషలో, కన్‌స్ట్రక్టర్ వ్రాయక, ఒక ఫంక్షను లోపల మామూలుగా ప్రకటించినచో ఏమగును? పూర్ణాంకములుండు గడులలో, ఆ మెమరీని అంతకు ముందు వాడిన వారి శేషమేదో అట్లే యుండును. తరగతి మారినను తుడవని పలక వంటిది. నిన్న చేరిన విద్యార్థి వేలకొలది పుస్తకములు తీసికొన్నట్లు కనబడవచ్చును. మైనస్ గుర్తుతో ఒక సంఖ్య కనబడవచ్చును. అదృష్టవశమున సున్నయే కనబడవచ్చును. ఈ మూడవదే అన్నిటికంటె ప్రమాదకరము. ప్రయోగశాలలో పది మార్లు సరిగా నడచిన ప్రోగ్రాము పరీక్షనాడు తప్పు చూపును. విద్యార్థి యంత్రమును నిందించును. యంత్రము తప్పేమియు లేదు. వ్రాయని విలువను చదువుమని దానినడిగితిమి.

జావా భాష ఈ విషయమున కొంత దయ చూపును. అది పలకను తుడిచి ఇచ్చును. ఆబ్జెక్టులోని సంఖ్యలు సున్నగను, సత్యాసత్యములు అసత్యముగను, ఇతర ఆబ్జెక్టులను సూచించునవి ‘నల్’ గను ప్రారంభమగును. చాల మంది విద్యార్థులు ఇంతటితో కన్‌స్ట్రక్టర్ అవసరము తీరినదని భావింతురు. కాని తుడిచిన పలక వేరు, పాఠము వ్రాసిన పలక వేరు. పుస్తకముల సంఖ్య సున్న యగుట సబబే. పరిమితియు సున్న యైనచో? ఆ విద్యార్థికి ఒక్క పుస్తకమును దొరకదు. పేరు ‘నల్’ యైనచో? పేరులోని అక్షరములెన్ని యని అడిగినంతనే ప్రోగ్రాము కూలును. ఈ ‘నల్’ అను భావమును 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అను భాషలో ప్రవేశపెట్టినది కూడ పైన చెప్పిన హోర్ మహాశయుడే. 2009లో ఆయనయే దానిని తన వందకోట్ల డాలర్ల పొరపాటుగా వర్ణించెను. సున్నకు అర్థమున్నచోట సున్న మంచిదే. అర్థము లేనిచోట అది మౌనముగా చెప్పిన అబద్ధము.

ఇక మన రికార్డు పుస్తకములలో ఎక్కువగా కనిపించు పద్ధతి మరొకటి కలదు. మొదట ఖాళీ కార్డును చేయుట. పిదప ‘సెట్’ అను ఫంక్షనులతో పేరొకసారి, నంబరొకసారి, పరిమితి యొకసారి నింపుట. చూచుటకు ఇది చక్కగానే యుండును. కాని పుట్టుకకును నింపుటకును నడుమ కాలమున్నది. ఆ నడిమి కాలములో ఆ కార్డును ఎవరైన వాడినచో అడ్డు చెప్పువారు లేరు. నాలుగింటిలో ఒకదానిని నింపుట మరచినచో కంపైలరు నోరు మెదపదు. దీనికి బదులు, నాలుగు అంశములలో బయటినుండి రావలసిన మూడింటిని అడుగు కన్‌స్ట్రక్టరును ఒక్కదానినే వ్రాసినచో, రోల్ నంబరు ఇయ్యక కార్డును చేయుటయే అసాధ్యమగును. పుస్తకముల సంఖ్యను మాత్రము అది ఎవరినీ అడుగదు. తానే సున్న యని వ్రాసికొనును. క్రొత్త సభ్యుని విషయమున మరొక జవాబు లేదు గదా!

ఇచటనే మన విద్యార్థులు బట్టీ పెట్టు నియమమొకటి ప్రాణము పోసికొనును. మనము ఏ కన్‌స్ట్రక్టరును వ్రాయనిచో కంపైలరు తానే యొక డిఫాల్ట్ కన్‌స్ట్రక్టరును ఇచ్చును. మనము పారామీటర్లు గల దానిని ఒక్కదానిని వ్రాసినను ఇక ఇయ్యదు. ఇది సి ప్లస్ ప్లస్ భాషకును జావాకును సమానమైన నియమమే. పరీక్షలో దీనిని ఒక వింతగా, ఒక ముడిప్రశ్నగా అడుగుచుందుము. ఇది వింత కాదు. ‘ఈ వస్తువునకు ఇవి లేనిదే ఉనికి లేదు’ అని క్లాసు వ్రాసినవాడు చెప్పినంతనే, ఖాళీ చేతులతో లోనికి వచ్చు వారికి తలుపు మూయబడుచున్నది. ఆ తలుపు మూయుటకే మనము కన్‌స్ట్రక్టరును వ్రాసితిమి.

విలువ ఇచ్చినంత మాత్రమున చాలదు. అది తగిన విలువ కావలెను. రోల్ నంబరు మైనస్ ఏడు అని వచ్చినచో కన్‌స్ట్రక్టర్ ఏమి చేయవలెను? అది ఏ విలువను తిరిగి ఇయ్యదు గనుక, ‘కాలేదు’ అని జవాబు చెప్పుటకు దానికి నోరు లేదు. తప్పు విలువను సహించి కార్డును చేసినచో నియమము పుట్టుకలోనే చెడును. కనుక దానికి మిగిలిన ప్రధాన మార్గము ‘ఎక్సెప్షన్’ విసరుట, అనగా ఈ వస్తువును నేను సిద్ధపరచను అని నిరాకరించుట. సి ప్లస్ ప్లస్ భాషలో ఇట్లు నిరాకరింపబడిన ఆబ్జెక్టు అసలు పుట్టనట్లే లెక్క. అందుచేత దానికి డిస్ట్రక్టరు పిలువబడదు. అప్పటికే సిద్ధమైన లోపలి భాగములు మాత్రము పద్ధతిగా తొలగింపబడును. పుట్టని బిడ్డకు బారసాల లేదు గదా. సగము పుట్టుట అను స్థితిని భాషయే ఒప్పుకొనుట లేదని విద్యార్థి గ్రహించవలెను.

క్రమము విషయమును చూడుడు. సభ్యత్వపు కార్డు నుండి అధ్యాపకుల కార్డు అను మరొక క్లాసును రూపొందించినచో, మొదట సామాన్య కార్డు భాగము సిద్ధమగును; పిదప అధ్యాపకుల కార్డుకు ప్రత్యేకమైన అంశములు; చివర దాని కన్‌స్ట్రక్టర్ దేహము. పునాది, గోడలు, కప్పు అన్నట్లు ఈ వరుస. సి ప్లస్ ప్లస్ భాషలో ఒక మెలిక కలదు. అంశములు సిద్ధమగునది క్లాసులో వాటిని ప్రకటించిన వరుసలోనే గాని, కన్‌స్ట్రక్టరు జాబితాలో మనము వ్రాసిన వరుసలో కాదు. ‘ఇంకను తీసికొనదగిన పుస్తకములు’ అను అంశమును పరిమితి నుండి లెక్కగట్టునట్లు వ్రాసి, దానిని క్లాసులో పరిమితికంటె ముందు ప్రకటించినచో, ఇంకను సిద్ధము కాని పరిమితి నుండి లెక్క జరుగును. జాబితా చూచువారికి అంతయు సవ్యముగా కనిపించును, ఫలితము చెత్త.

ఇంకొక మెలిక. మాతృ క్లాసు కన్‌స్ట్రక్టరులో నుండి, పిల్ల క్లాసు మార్చి వ్రాసిన వర్చువల్ ఫంక్షనును పిలిచినచో ఏది నడచును? సి ప్లస్ ప్లస్ భాషలో మాతృ క్లాసుదే నడచును. పిల్ల భాగము ఇంకను పుట్టలేదు గనుక. జావాలో పిల్ల క్లాసుదే నడచును. కాని పిల్ల క్లాసు అంశములకు మనము నిర్ణయించిన విలువలు అప్పటికి చేరి యుండవు, సామాన్యముగా సున్నలును ‘నల్’ లును కనబడును. భాషలు రెండును వేరు దారులు పట్టినను నేర్పునది ఒక్కటే పాఠము: సిద్ధము కాని వస్తువును పనికి పిలువరాదు. ఈ విషయమున భాషాకర్తలు ఇప్పటికిని శ్రద్ధ వహించుచున్నారు. జావాలో మాతృ క్లాసు కన్‌స్ట్రక్టరు పిలుపు మొదటి వాక్యముగనే ఉండవలెనను కట్టుబాటు చిరకాలము ఉండెను. 2025లో వెలువడిన జావా 25వ కూర్పు ఆ కట్టుబాటును సడలించి, ఆ పిలుపునకు ముందే వచ్చిన విలువలను పరీక్షించుకొను వీలును స్థిరపరచినది. చెడ్డ ఇటుకను పునాది వేయక మునుపే ఏరివేయవచ్చునన్నమాట.

నా వాదమునకు ఆక్షేపణలు లేకపోలేదు. పరీక్షలో మార్కులు వచ్చునది నిర్వచనమునకే గదా అని విద్యార్థులందురు. నిజమే. నిర్వచనమును మానుమని నేననుట లేదు. దానికి కారణమును జోడించుమనుచున్నాను. కారణము తెలిసినవానికి నిర్వచనము మరపునకు రాదు. రెండవది, ఖాళీ కన్‌స్ట్రక్టరు లేనిదే పని జరుగని సందర్భములు కలవని అనుభవజ్ఞులందురు. అదియు నిజమే. డేటాబేసు వరుసలను ఆబ్జెక్టులుగా మార్చు జావా పర్సిస్టెన్స్ పద్ధతిలో పారామీటర్లు లేని కన్‌స్ట్రక్టరు తప్పనిసరి. కాని అది పబ్లిక్‌గానే ఉండనక్కరలేదు, ప్రొటెక్టెడ్‌గా ఉండిన చాలును. పరిచారకుల కొరకు వెనుక తలుపు ఉన్నంత మాత్రమున వీధి తలుపును బార్లా తెరచి ఉంచవలెనా? మూడవది, పూచీ పేరుతో కన్‌స్ట్రక్టరు నెత్తిన సమస్తమును రుద్దుట. ఫైళ్ళు తెరచుట, నెట్‌వర్కుతో మాటలాడుట, తెరమీద అచ్చు వేయుట అన్నియు అందులోనే చేయు ప్రోగ్రాములు కలవు. ఇది నాకును సమ్మతము కాదు. నియమము నెలకొనుటకు ఎంత కావలెనో అంతయే దాని పని. ఇల్లు ఊడ్చి తాళమిచ్చువాడు వంట కూడ చేయనక్కరలేదు.

ఇదంతయు సూక్ష్మవిచారమని, డిగ్రీ పిల్లలకు ఎందుకని అనుకొనరాదు. రేపు వీరు వ్రాయు ప్రోగ్రాములలో సిద్ధమగునవి గ్రంథాలయపు కార్డులు మాత్రమే కావు. ఆసుపత్రిలో రోగి చీటీ, బ్యాంకులో వృద్ధురాలి ఖాతా, చౌకధరల దుకాణములో రేషను కార్డు, విద్యార్థి వేతనపు దరఖాస్తు అన్నియు ఏదో యొక ప్రోగ్రాములో ఆబ్జెక్టులుగా పుట్టవలసినవే. కుటుంబ సభ్యుల సంఖ్య సున్నగా పుట్టిన రేషను కార్డు తెరమీద ఏ తప్పును చూపదు. ఆ ఇంటి తల్లి మాత్రము ఖాళీ సంచితో తిరిగి పోవును. తన పేరు ఎందుకు లేదో ఆమెకు తెలియదు; అడుగుటకు ఎవరున్నారో అంతకన్న తెలియదు. అట్టి తల్లుల బిడ్డలే మన కళాశాలలో చదువుచున్నారు గనుక ఈ మాట మనకు మరింత తగును.

కళాశాల సంఘమువారికి నా మనవి మూడు విషయములు. మొదటిది, మన చేతిలో నున్న అంతర్గత పరీక్షలలో కన్‌స్ట్రక్టర్ నిర్వచనము అడిగిన ప్రతిచోటను, ‘ఈ క్లాసు యొక్క నియమమేమి? ఏ విలువలను దీని కన్‌స్ట్రక్టరు నిరాకరించవలెను?’ అను ప్రశ్న కూడ చేర్చవలెను. రెండవది, ప్రయోగశాల రికార్డులో సరియైన విలువలతో వచ్చిన ఫలితమునకు తోడు, తప్పు విలువలు ఇచ్చినపుడు ప్రోగ్రాము ఏమి చేసెనో వ్రాయుటకు ఒక పుట కేటాయించవలెను. దీనికి క్రొత్త యంత్రములక్కరలేదు, ఖర్చు లేదు. మూడవది, ఇట్టి ముఖ్య భావములకు తెలుగులోను ఉర్దూలోను ఒక్కొక్క పుట వివరణ సిద్ధము చేయించి మొదటి నెలలోనే విద్యార్థులకు పంచవలెను. మాటలను బలవంతముగా అనువదింపనక్కరలేదు; కన్‌స్ట్రక్టరును కన్‌స్ట్రక్టరు అనియే వ్రాయవచ్చును. భావము మాత్రము వారి ఇంటి భాషలో చెప్పవలెను. కంప్యూటరు శాఖవారు విషయమును చూచుకొనినచో, భాషా శాఖలవారము వాక్యములను చూచుకొందుము.

విద్యార్థులారా! మీరు ఇక మీదట ఏ క్లాసును వ్రాసినను, కలము పట్టుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనుడు: ఈ వస్తువు నా చేయి దాటి పోవునప్పటికి దీని విషయమున ఏమేమి నిజమై యుండవలెను? ఆ జవాబును కాగితము మీద తెలుగులోనో ఉర్దూలోనో వ్రాసికొనుడు. దానిని నెరవేర్చు పంక్తులే మీ కన్‌స్ట్రక్టరు. తరువాత వచ్చు ప్రతి ఫంక్షనును, దానిని వాడు ప్రతి మనిషియు మీ పూచీని నమ్మియే నడచును.